పూర్ణసంఖ్య అనగానేమి?

నల్లగొండ బత్తాయిలను గాని, పాలమూరు సీతాఫలములను గాని గంపలకెత్తునప్పుడు ఎవరును మూడున్నర కాయలని లెక్కింపరు. ఇంటికి వచ్చి కాయ కోసి పంచునప్పుడే సగము, పావు అను మాటలు పుట్టును. ఏది పూర్ణసంఖ్యయో, ఏది భిన్నమో పిల్లలకు వేరుగా చెప్పనక్కర లేదు. కాని ఆ భేదమును మిక్కిలి సులభముగా నిర్వచింపుమన్నచో గణితజ్ఞులు ఏడు దశాబ్దములకు పైగా తల పట్టుకొనియే యున్నారు.

చిక్కెక్కడనో చూతము. భిన్నములన్నియు ఒకే రాశిగా పోసియున్నవి. 3, 7 వంటి పూర్ణసంఖ్యలును అందే కలిసియున్నవి. మన చేతనున్న పనిముట్లు రెండే: కూడిక, గుణకారము. "హారము 1 అయినది" అనరాదు. హారమన్నప్పుడే పూర్ణసంఖ్య మనకు తెలియునని ఒప్పుకొన్నట్లగును.

ఇట్టి నిర్వచనమునకు మేలైన మాదిరి ఒకటి కలదు. పూర్ణసంఖ్యలలో ఋణసంఖ్యలు కానివానిని, పెద్ద చిన్న అను మాటలు లేకయే ఏరగలమా? ఏరగలము. అట్టి ప్రతి సంఖ్యయు నాలుగు వర్గముల మొత్తమని 1770లో లగ్రాంజ్ నిరూపించెను. 7 అనగా 4, 1, 1, 1. ఋణసంఖ్యకు ఈ భాగ్యము లేదు. "ఇట్టి నాలుగు సంఖ్యలు కలవు" అన్నచో చాలును, నిర్వచనము ముగిసినది.

భిన్నములలో పూర్ణసంఖ్యలను నిర్వచింపవచ్చునని 1949లో జూలియా రాబిన్సన్ అను అమెరికా గణితజ్ఞురాలు చూపిరి. కాని ఆమె వాక్యము మూడంతస్తులది: "ప్రతి సంఖ్యకును", "ఇట్టి సంఖ్య కలదు", మరల "ప్రతి సంఖ్యకును". 2009లో పూనెన్ దానిని రెండంతస్తులకు దించిరి. 2016లో అచ్చయిన వ్యాసమున కోనిగ్స్‌మన్ "ప్రతి" అను ఒక్క అంతస్తుతో సరిపెట్టిరి. లగ్రాంజ్ వలె "కలదు" అను మాటతోనే చెప్పుట మాత్రము ఎవరికిని సాధ్యము కాలేదు.

ఈ పట్టుదలకు కారణము లేకపోలేదు. ఏ సమీకరణమునకైనను పూర్ణసంఖ్యలలో సమాధానము కలదో లేదో తేల్చు పద్ధతి అసంభవమని 1970లో మతియసేవిచ్ నిరూపించిరి. పై నిర్వచనము దొరకెనా, భిన్నములకును అదే తీర్పు వర్తించును.

ఇందు మనవారి కృషియు కలదు. 1953లో గుంటూరున జన్మించి, కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయమున ఆచార్యులైన ఎం. రామ్ మూర్తి, హెక్టర్ పాస్టెన్‌తో కలిసి 2018లో ఒక వ్యాసము ప్రచురించిరి. 2 యొక్క వర్గమూలము వంటివానిని చేర్చి విస్తరించిన పూర్ణసంఖ్యల వ్యవస్థలన్నిటను మతియసేవిచ్ తీర్పే నిలుచునని అందు చూపిరి. అయితే దీర్ఘవృత్తీయ వక్రములను గూర్చిన కొన్ని ప్రసిద్ధ ఊహలు నిజమైనచో అని షరతు. 2024 చివర కోయ్‌మన్స్, పగానో ఆ షరతు లేకయే నిరూపణమును ప్రకటించిరి. 2019లో ఫాడెన్‌తో కలిసి మూర్తిగారు ఈ విషయముపై విద్యార్థులకొక గ్రంథమును గూడ వ్రాసిరి.

భిన్నముల సంగతి వేరు. 1992లో మేజర్ చేసిన ఊహయే నిజమైనచో, "కలదు" అను మాటతో మాత్రమే చెప్పు నిర్వచనము అసలు లభింపనే లభింపదు. మేమును ఆ పక్షమునకే మొగ్గుచున్నాము.