నగర పెద్ద మాడపాటి

మన చిట్యాల మీదుగా సాగే విజయవాడ రహదారి ఒకవైపు సూర్యాపేటకు, మరోవైపు హైదరాబాదుకు చేరుస్తుంది. ఈ రెండు ఊళ్లతోనూ ముడిపడిన జీవితం మాడపాటి హనుమంతరావుగారిది. 1885లో పుట్టిన ఆయన చిన్ననాటి చదువు సూర్యాపేటలో సాగింది. తర్వాత హైదరాబాదులో వకీలుగా స్థిరపడ్డారు.

సర్కారు కొలువులోనూ బడిలోనూ ఉర్దూదే పెత్తనమైన నిజాం కాలమది. 1921లో తెలుగువారి కోసం ఆంధ్ర జనసంఘం ఏర్పాటుకు ఆయన ముందు నిలిచారు. 1928లో నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు బడి నిలబెట్టారు. 1935లో సిరిసిల్ల ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించారు.

1951లో హైదరాబాదు మేయరై, వరసగా మూడుసార్లు ఎన్నికై 1954 దాకా సేవ చేశారు. 1955లో పద్మభూషణ్ అందుకున్నారు. 1958 నుంచి శాసనమండలి అధ్యక్షులుగా పనిచేశారు. 1970లో కన్నుమూశారు.

మేయర్ పదవికి ముందే మూడు దశాబ్దాల ప్రజాసేవ ఆయనది. చిట్యాల కూడా ఇప్పుడు పురపాలక పట్టణమే. ఓటు వేసేటప్పుడు మనం చూడవలసింది అలాంటి సేవనే.