పచ్చకంచెలను, చిన్న చెట్లను కత్తిరించుటకు తగిన నిచ్చెన



హైదరాబాదునందలి లక్డీకాపూల్ అను చోటి పేరునకు కఱ్ఱవంతెన యని యర్థము. మనుష్యుని బరువును మోయు కఱ్ఱ గట్టిదై యుండవలెను. దాని కాళ్లు కదలకుండవలెను. వంతెనకు జెల్లిన యీ నియమమే నిచ్చెనకును జెల్లును. అయితే వంతెన యొక్కచోటనే నిలుచును. నిచ్చెన పూటకు ఇరువది చోట్లకు మారును. కావున మారిన ప్రతిసారియు దాని నిలుకడను చూచుకొనవలెను.

ఆ చేరువనే నాంపల్లిలో నున్న పబ్లిక్ గార్డెన్సు వంటి ఉద్యానములయందువలెనే రైతుల మామిడి, జామ, నిమ్మ, బత్తాయి తోటలయందును కత్తిరింపు ఏటేట నుండు పని. దీనికి పెక్కండ్రు మిద్దె నెక్కుటకు వాడు రెండు గడల నిచ్చెననే తెత్తురు. అది గోడకు తగినది. గోడ కదలదు; పచ్చకంచె లొంగును, చిన్నకొమ్మ వంగును. కోయుచున్న కొమ్మకే నిచ్చెన నానించినచో, కొన తెగి బరువు తగ్గగానే మిగిలిన కొమ్మ పైకి లేచును, నిచ్చెన జారును. నాలుగు కాళ్ల మడత నిచ్చెన చదునైన గచ్చుమీద బాగుగ నిలుచునుగాని, చాళ్లలో నొక కాలు గాలిలో నుండును.

ఈ పనికి ముక్కాలి నిచ్చెన మేలు. మూడు కాళ్లు ఎగుడుదిగుడు నేలమీదను ఊగక నిలుచును. ఒంటికాలిని కొమ్మల నడుమకు, లేదా కంచె లోపలికి చొప్పించి, పనివాడు చెట్టునకు దగ్గఱగా నిలువవచ్చును. ఏటవాలు నేలయందు ఒంటికాలు మెరకవైపున నుండవలెను. నిచ్చెనను వాలునకు అడ్డముగా నిలుపరాదు.

ఎత్తును ఇట్లు నిర్ణయింపవలెను. పై మూడు మెట్లు నిలుచుటకు గావు, పట్టుకొనుటకు మాత్రమే. మెట్లు అడుగు దూరమున నున్నచో, 7 అడుగుల నిచ్చెనపై పాదములు 4 అడుగుల ఎత్తున నుండును. 7 అడుగుల కంచె తల అప్పుడు మోచేతికి సమీపమున నుండి సులభముగా తెగును. అనగా కంచె యెంత ఎత్తో, నిచ్చెనయు సుమారంత ఎత్తుండిన చాలును. పొట్టి నిచ్చెన కొన్నవాడు తుదిమెట్టెక్కును. పొడుగుది కొన్నవాడు మోయలేక, దానిని జరుపక, పక్కకు వంగి కోయును. రెండును పడుటకు దారులే.

వెదురు చవుక, తేలిక. సాధనపు వెదురు గట్టిపడి దాదాపు నిండుగా నుండును గనుక గడలకు శ్రేష్ఠము. పురుగుపొడి రాలినను, కణుపువద్ద చీలినను, కట్టు సడలినను దానిని విడువవలెను. కఱ్ఱ నిచ్చెనకు దట్టమైన రంగు పూయరాదు, ఏలయన రంగు చీలికలను దాచును. అవిసెనూనె రాచిన చాలును. అల్యూమినియము చివుకదు, పురుగు పట్టదు. కాని విద్యుత్తును ప్రవహింపజేయును. తడిసిన వెదురును నమ్మదగినది గాదు. కొమ్మలు విద్యుత్తీగలను తాకుచున్నచో, విద్యుత్తుశాఖవారు సరఫరా నాపువరకు అచ్చట ఏ నిచ్చెనయు వేయరాదు.

నల్లరేగడి తడిసియున్నప్పుడు కాలు దిగబడును. అడుగున వెడల్పైన పలక వేసి, ఒక మెట్టెక్కి బరువు మోపి చూడవలెను. చెల్క నేల గట్టిదైనను ఎండినప్పుడు గులకరాళ్లపై కాలు జారును; వానిని తొలగింపవలెను. రంపమును మోకుతో పైకి లాగుకొనుట మంచిది. చేత బట్టుకొని యెక్కరాదు.

అన్నిటికంటె మేలైన ఉపాయము నిచ్చెన అవసరమును తగ్గించుట. లేతప్రాయముననే మొక్క తల త్రుంచి, కాపు ముగిసిన పిదప ఏటేట కత్తిరించిన చెట్టు పొట్టిగా వ్యాపించును. పెక్కు కొమ్మలు నేలనుండియే అందును.

నిచ్చెన కొనువాడు రైతు. ఎక్కువాడు తఱచుగా కూలివాడు. ఆఱడుగుల ఎత్తునుండి పడినను వెన్నెముక విఱుగవచ్చును, ఒక కుటుంబపు జీవనము ఆగవచ్చును. కావున వెల యిచ్చుటకు ముందు రైతు తానే ఆ నిచ్చెన నెక్కి, కత్తెర పట్టి, రెండు చేతులు చాచి చూడవలెను. తన కాళ్లు వణకిన నిచ్చెనను పరుని కాళ్లక్రింద పెట్టరాదు.