పెరిగే ఇల్లు

ఈ హాల్లో సొంత ఇల్లు ఒక్క విడతలో పూర్తిగా కట్టుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారు? ముందు ఒక గది, వంటిల్లు. చీటీ డబ్బు చేతికొస్తే స్లాబు. కొడుకు పెళ్లినాటికి పైన ఇంకో వాటా. అందుకే మన మేడల మీద పిల్లర్ల ఊచలు ఆకాశంలోకి చూస్తూ ఉంటాయి. చూడ్డానికి బాగోవు, ఒప్పుకుంటాను. కానీ ఆదాయం కొద్దికొద్దిగా వచ్చేవాళ్లు కట్టుకోగల పద్ధతి అదొక్కటే.

ఈ పద్ధతినే పట్టుకుని ఒక కాలనీకి ప్లాను గీసినాయన ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషీ. 1980లలో ఇండోర్‌లో కట్టిన అరణ్య అది. 85 హెక్టార్లలో దాదాపు 6,500 స్థలాలు. అన్నిటికన్నా చిన్నది 35 చదరపు మీటర్లు, మన లెక్కలో 42 గజాలు. దాని మీద పునాది, మరుగుదొడ్డి, నీళ్లు, డ్రైనేజీ ఏర్పాటు చేసి ఇచ్చారు. మిగతా ఇల్లు ఎవరి వీలును బట్టి వాళ్లు కట్టుకోవాలి. ఎలా కట్టుకోవచ్చో తెలియడానికి నమూనా ఇళ్లు చూపించారు. వీధివైపు అరుగులకూ మెట్లకూ చోటు ప్లానులోనే వదిలారు. డబ్బున్నవాళ్లకు పెద్ద ప్లాట్లు అమ్మి, ఆ మిగులుతో పేదల స్థలాల ధర తగ్గించారు. దీనికి 1995లో ఆగా ఖాన్ పురస్కారం వచ్చింది.

ఇక ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదల కోసం ప్రభుత్వం కట్టించిన మన టిడ్కో ఇళ్లు. 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు, కింద ఒకటి, పైన మూడు అంతస్తులు. షియర్ వాల్ పద్ధతి కాబట్టి గోడలే బరువు మోస్తాయి. అచ్చులు బిగించి కాంక్రీటు పోస్తే పని చకచకా సాగుతుంది, గట్టిగానూ ఉంటుంది. అయితే రేపు కోడలొచ్చినా, కుట్టుమిషన్ల పని పెట్టుకుందామన్నా, గోడ కొట్టి గది కలుపుకోలేరు. 300 అడుగులంటే ఎప్పటికీ 300 అడుగులే.

భూమి తక్కువ కదా, అంతస్తులు వేయక ఏం చేస్తామని ఇంజనీర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చిలీలోని ఇకీకేలో ఆర్కిటెక్టు అలెహాండ్రో అరవేనా బృందం 2004లో అర హెక్టారులోనే సుమారు వంద కుటుంబాలకు చోటిచ్చింది. ప్రభుత్వం ఇచ్చే డబ్బు సగం ఇంటికే సరిపోయేది. అందుకని సొంతంగా కట్టుకోవడం కష్టమైన సగాన్నే వాళ్లు కట్టారు. రెండో సగానికి పక్కనే ఖాళీ వదిలారు.

ఈసారి మన ఊళ్లో ఇళ్ల పథకం ప్లాను గోడకు అంటించినప్పుడు, గదులు లెక్కపెట్టి ఊరుకోకండి. రెండో గది ఎటు వేసుకోవాలో, దాని బరువు ఏ పిల్లరు మోస్తుందో చూపించమని ఇంజనీరుగారిని అడగండి.