గంధములేని విషమును తెలుపు లోహరేణువులు

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

  

లోహమును గూర్చి విశ్వబ్రాహ్మణ సభలో మాటాడుట హనుమంతుని యెదుట కుప్పిగంతులు వేయుటయే. మేము బాలురచే పలక పట్టించినవారమే కాని పటకారు పట్టినవారము కాము. ఐనను మా యింట జరిగిన యొక సంగతి మమ్మీ ప్రసంగమునకు పురికొల్పినది.

మా పినతండ్రిగారు తలుపులు మూసిన చిన్నగదిలో నత్రికామ్లముతో బంగారమును శుద్ధి చేయుచుండిరి. పాత్రనుండి లేచిన యెర్రని పొగను పీల్చిరి. కొంచెము దగ్గి, మంచినీరు త్రాగి, యథాప్రకారము భోజనము చేసిరి. అర్ధరాత్రమున ఊపిరాడక, తెల్లవారులోపల గతించిరి. ఆ పొగ నత్రజని డయాక్సైడు. పీల్చిన కొన్ని గంటలవరకు పెద్దబాధ కనబరపక, పిదప ఊపిరితిత్తులను నీటితో నింపగల విషమది.

దానికి రంగును ఘాటును గలవు గనుక తొలగిపోవుట కవకాశమైన నున్నది. మూసిన గదిలో బొగ్గుల కుంపటినుండి పుట్టు కార్బను మోనాక్సైడునకు రంగులేదు, వాసనలేదు. కుళ్లిన గ్రుడ్డు వాసనగల ఉదజని సల్ఫైడు మిక్కిలి హెచ్చినచో ముక్కు మొద్దుబారి, వాసన పోయినదనియే తోచును. ఉదజని గాలిలో నూటికి 4 పాళ్లున్నచో నిప్పురవ్వ తగిలి మండును. దానికిని వాసన లేదు.

గంధము పృథివీగుణమనియు, వాయువునకు రూపములేదనియు, స్పర్శ గలదనియు అన్నంభట్టు తర్కసంగ్రహమున చెప్పెను. ఇంద్రియములకు అందని దానిని అనుమానముచే తెలియవలెను. పొగను జూచి నిప్పు నూహించునట్లు, ఈ వాయువుల నూహించుటకు హేతువేది? ఆధునికులు చూపిన హేతువులలో నొకటి కర్బన సూక్ష్మనాళము.

1991లో జపానుదేశీయుడగు సుమియో ఇజిమా ప్రకటించిన పరిశోధనచే ఈ నాళములకు లోకమున ప్రసిద్ధి కలిగినది. ఒంటిపొర నాళము తలవెండ్రుక మందములో సుమారు ఏబదివేలవ వంతుండును. దాని గోడ ఒక్క పరమాణువు మందము మాత్రమే. కావున వాయువు తాకినంతనే అందలి విద్యుత్ప్రవాహము మారును. 2000 సంవత్సరమున అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు, నత్రజని డయాక్సైడు సోకిన నాళమున ప్రవాహము హెచ్చుననియు, అమోనియా సోకిన తగ్గుననియు చూపిరి. అంతకుముందు వాడుకలోనున్న లోహభస్మ సాధనములను 200 డిగ్రీలకు పైగా వేడిచేయవలసియుండగా, ఇది సాధారణపు గదివేడిమియందే పనిచేసినది.

కాని యిందొక దోషము గలదు. నాళము పెక్కు వాయువులకు చలించును. గాలిలోని తేమకును చలించును. తార్కికులు దీనిని అనైకాంతిక హేతువందురు. దోషపరిహారమునకు మీ లోహమే అక్కరకు వచ్చినది. నాళముపై పూతవలె గాక, నగపై రవలు పొదిగినట్లు, లోహరేణువులను అక్కడక్కడ పొదుగుదురు. తెల్లబంగారమున కలుపు పల్లేడియము మీరెరిగినదే. అది తన పరిమాణమునకు సుమారు 900 రెట్లు ఉదజనిని ఇముడ్చుకొనగలదు. ఈ గుణమును థామస్ గ్రాహం 1866లో వివరించెను. పల్లేడియముపై ఉదజని పరమాణువులుగా విడివడి లోహములో చేరును; అంతట లోహమునుండి ఎలక్ట్రానులు నాళములోనికి పోవును; ప్రవాహము తగ్గును. మరల గాలి తగిలినచో, ఆమ్లజనితో గూడి ఉదజని నీరై పోవును; నాళము పూర్వస్థితికి వచ్చును.

బంగారు రేణువులకు ఉదజని సల్ఫైడుతో చెలిమి యెక్కువ. బంగారము గంధకముచే నల్లబడదు గదా యందురేమో. నల్లబడకున్నను, రేణువుపైని గంధకము చేరినమాత్రమున నాళములోని ప్రవాహము మారును. 2006లో పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయపు అలెగ్జాండరు స్టారును సహచరులును 18 లోహములను పరీక్షించి, పల్లేడియము, ప్లాటినము, రోడియము, బంగారము వేర్వేరుగా పొదిగిన నాళజాలములను ఒక్క ఫలకముపై నిలిపిరి. ఒక్కొక్క లోహమొక్కొక్క తీరున పలుకగా, అన్నిటి సాక్ష్యమును గూర్చి యే వాయువో నిర్ణయించిరి. ఒరగల్లుపై గీటును పలువన్నెల గీటులతో పోల్చి మాటు తెలిసికొనుట వంటిదే యిది.

తేమవలన కలుగు పొరపాటును, కొన్ని వాయువులు నాళమును వదలుటలోని జాగును, అన్ని నాళముల నొక్కతీరున చేయుటలోని కష్టమును ఇంకను జయింపవలసియున్నవి. ఇదంతయు మన పూర్వులెరిగినదేయని మేము చెప్పము. కాని రేణువును పొదుగుట, వన్నె తెలియుట మన చేతికి క్రొత్తలు కావు. మన బిడ్డలు రసాయన భౌతికశాస్త్రములను చదివినచో ఈ పనిలో వెనుకబడరు.

కావున పోషకులకు మా విన్నపములు రెండు. ప్రతియేట నొక పేదవిద్యార్థికి శాస్త్రవిద్యకు వేతన మొసగుడు. ఆమ్లముతో పనిచేయు ప్రతి బీదకార్ఖానాకు పొగను వెలికి లాగు గూడు నొకటి కట్టింపుడు. ఈ నాళములు మన వాడలకు వచ్చువరకు ఆగనక్కరలేదు. ఆ గదికి గాలిదారి యున్నచో మా పినతండ్రిగారు ఆనాడు బ్రదికియుందురు.

స్వస్తి.