ముస్సోలినీ చరిత్రము నేర్పు పాఠము
(ఒక పఠనమందిరమున గావింపబడిన యుపన్యాసము)



మన పఠనమందిరములలోని సాయంకాల గోష్ఠులయందు ఒక మాట తఱచుగా వినవచ్చుచున్నది. "దేశము బాగుపడవలెనన్నచో పదియేండ్లపాటు దృఢచిత్తుడగు నొక్కని చేతికి సర్వాధికారము నప్పగింపవలెను; ఈ శాసనసభలు, ఈ వాదోపవాదములు, ఈ న్యాయస్థానములలోని కాలయాపనము, ఇవన్నియు నడ్డంకులే" యని. ఈ మాట యనువారు దుర్మార్గులు కారు. అవినీతిని జూచి విసిగినవారు. దేశముపై మమకారము గలవారు. కావుననే వారికి సమాధానము చెప్పవలసియున్నది. నేను న్యాయవాదిని, సాక్ష్యము లేక వాదించుట నా వృత్తికి దగదు. పదియేండ్లు గాదు, 1922 మొదలు 1943 వఱకు ఇరువదియొక్క సంవత్సరము లొక్కని చేతిలో నుండిన ఇటలీ దేశమునే సాక్షిగా మీ యెదుట నిలిపెదను.

బెనీతో ముస్సోలినీ 1883 జూలై 29 వ తేదీన రొమాన్యా సీమలోని ప్రెదాప్పియో గ్రామప్రాంతమున జన్మించెను. తండ్రి కమ్మరి, సామ్యవాది. మెక్సికో దేశపు నాయకుడగు బెనీతో హువారెజ్ పేరును కుమారునకు బెట్టుకొనెను. తల్లి బడిపంతులమ్మ. ముస్సోలినీయు గొంతకాలము ఉపాధ్యాయుడుగా నుండి, 1902 లో స్విట్జర్లాండునకు బోయి కూలిపని చేసెను. సామ్యవాదుల సభలలో బ్రసంగించుట నేర్చెను. 1911 లో ఇటలీ ప్రభుత్వము లిబియాపై దండెత్తినపుడు దాని నెదిరించి కారాగారమునకు బోయెను. 1912 లో సామ్యవాదపక్షపు దినపత్రికయగు "అవంతి"కి సంపాదకుడాయెను. ఇంతవఱకు చూచినచో ఆతడు పేదల పక్షమున నిలిచిన కష్టజీవి కుమారుడే.

1914 లో ఐరోపా మహాయుద్ధము ప్రారంభమాయెను. ఇటలీ తటస్థముగా నుండవలెనని మొదట వ్రాసిన యీ సంపాదకుడే కొలది నెలలలో యుద్ధమున కనుకూలుడయ్యెను. పక్షమువారు బహిష్కరించిరి. ఆ నవంబరులోనే "పోపొలో దితాలియా" యను సొంతపత్రిక వెలువడెను. దానికి యంత్రాగారముల యజమానులు ధనమిచ్చిరి. ఫ్రెంచివారి సొమ్మును జేరెను. 1917 లో బ్రిటిషు గూఢచారిశాఖ వారమునకు 100 పౌనుల చొప్పున నిచ్చెనని వారి పత్రములే చెప్పుచున్నవి. బ్రిటిషు సామ్రాజ్యమునకు శత్రువని ముస్సోలినీని మెచ్చినవారు మన దేశమున నొకప్పుడుండిరి. వారీ లెక్కను జూచియుండలేదు.

1919 మార్చి 23 వ తేదీన మిలాను నగరమున ఆతడు తన దళమును స్థాపించెను. పురాతన రోమకుల యధికారచిహ్నము కఱ్ఱలకట్ట, నడుమ గొడ్డలి. దానిపేరే ఫాసిజమునకు మూలము. ఆ సంవత్సరపు ఎన్నికలలో ఈ దళము ఘోరముగా నోడెను. ఓటుచేత రానిది దుడ్డుకఱ్ఱచేత వచ్చెను. నల్లచొక్కాల మూకలు కార్మికసంఘముల మందిరములను దగులబెట్టినవి, సహకారసంఘములను గూల్చినవి, ప్రతిపక్షులను బట్టి గొంతులో ఆముదము పోసినవి. పెక్కుచోట్ల పోలీసులు ముఖము ద్రిప్పుకొనిరి. సామ్యవాదులకు భయపడిన భూస్వాములు "ఈ మూక మన పని చేయుచున్నది, పని తీరిన పిమ్మట దానిని త్రోసివేయవచ్చును" అని తలచిరి. 1921 లో వృద్ధ ప్రధానియగు జొలిత్తి వారిని తన యెన్నికల కూటమిలో జేర్చుకొని మర్యాద కల్పించెను.

1922 అక్టోబరు 28 న రోముపై దండయాత్ర జరిగెనని చెప్పుదురు. ప్రధానమంత్రి ఫాక్తా సైనికశాసనము బ్రకటించుటకు ఉత్తరువు సిద్ధము చేసెను. మూడవ విక్టరు ఇమ్మాన్యుయేలు రాజు సంతకము పెట్టనొల్లడాయెను. పెట్టియున్నచో, వానలో దడిసిన యా జనసమూహమును సైన్యము చెదరగొట్టియుండెడిదని చరిత్రకారులనేకులు తలతురు. ముస్సోలినీ దండు ముందు నడువలేదు. మిలానులో వేచియుండి, రాజు పిలుపు రాగానే రాత్రి రైలెక్కి రోమునకు వచ్చెను. అప్పటికి 535 మంది గల సభలో ఫాసిస్టులు 35 మంది మాత్రమే. అయినను నవంబరులో 306 మంది ఆతనికి విశ్వాసము దెలిపిరి; 116 మంది వ్యతిరేకించిరి. మహాశయులారా! తక్కిన 271 మంది ఎవరు? వారిలో పెక్కుమంది తమ్ము తాము ఉదారులమని, రాజ్యాంగవాదులమని చెప్పుకొనినవారే. కోట బయటినుండి పగులలేదు. లోపలివారే గడియ దీసిరి.

ఇక శాసనమును శాసనముచేతనే చంపిన విధమును వినుడు. 1923 లో అచెర్బో చట్టమును దెచ్చిరి. ఎక్కువ ఓట్లు వచ్చిన జాబితాకు, నూటికి 25 ఓట్లు దాటినచో, స్థానములలో మూడింట రెండు పాళ్లు చెందునట. తమ ఉరిత్రాటిని దామే పేనుకొనినట్లు ఆ సభ దానిని ఆమోదించెను. 1924 ఏప్రిలు ఎన్నికలు దౌర్జన్యముతో జరిగినవి. మే 30 వ తేదీన జాకొమొ మత్తియోత్తి యను సామ్యవాద సభ్యుడు, న్యాయశాస్త్ర పట్టభద్రుడు, లేచి ఆ దౌర్జన్యముల నొక్కొక్కటిగా జెప్పి, ఎన్నికలను రద్దుచేయవలెనని కోరెను. కేకలు, బెదిరింపులు అడ్డుపడుచున్నను ఉపన్యాసమును ముగించెను. జూన్ 10 న రోము నగరమున బట్టపగలు ఆతని నొక కారులోనికి లాగికొనిపోయిరి. ఆగస్టు 16 న శవము దొరికెను. ఆతని వయస్సు 39.

హంతకులు ముస్సోలినీ కార్యాలయమునకు సమీపవర్తులు. దేశము దిగ్భ్రమ జెందెను. ప్రతిపక్షులు సభను విడిచి వెలుపల నిలిచిరి. రాజు కదలునని చూచిరి. రాజు కదలలేదు. 1925 జనవరి 3 వ తేదీన ముస్సోలినీ సభలో నిలిచి, జరిగిన దానికంతకు బాధ్యుడను నేనేయని చెప్పెను. ఏ న్యాయస్థానమునందైనను ముద్దాయి యిట్టి వాఙ్మూల మిచ్చినచో శిక్ష పడును. ఆతనికి సింహాసనతుల్యమగు నధికారము లభించెను. 1926 లో కియేతి నగరమున హంతకుల విచారణ జరిగినపుడు పార్టీ కార్యదర్శియగు ఫారినాచ్చియే వారి వకీలు. ముగ్గురికి స్వల్పశిక్షలు పడినవి. వారు త్వరలోనే విడుదలయిరి.

1926 నవంబరునాటికి ఇతర పక్షములు రద్దయినవి. సేనాధికారులు, నల్లచొక్కాల దళాధికారులు న్యాయమూర్తులుగా ప్రత్యేక న్యాయస్థానము వెలసెను. అప్పీలు లేదు. అది 4,500 మందికి పైగా శిక్షలు విధించెను. విచారణయే లేకుండ వేలమందిని లిపారి, పోంజా, వెంతొతేనె వంటి దీవులకు బంపిరి. శాసనసభ్యుడగు అంతోనియో గ్రాంషీని 1926 లో బట్టి, 1928 లో ఇరువదియేండ్ల శిక్ష వేసిరి. ఆరోగ్యము శిథిలమై 1937 ఏప్రిలు 27 న ఆతడు మరణించెను. 1931 లో విశ్వవిద్యాలయముల ఆచార్యులు ఫాసిస్టు ప్రభుత్వమునకు విధేయతాప్రమాణము చేయవలెనని యుత్తరు వాయెను. సుమారు 1,200 మందిలో నిరాకరించినవారు పన్నెండుగురికి మించి కొలదిమందియే. చదువుకొన్నవారమగు మనము ఈ యంకెను మఱవరాదు.

ఆతని విశ్వాసములేవి యని యడుగవచ్చును. వ్యక్తి రాజ్యముకొఱకే గాని రాజ్యము వ్యక్తికొఱకు గాదనియు, యుద్ధమే జాతికి పుటము పెట్టు నగ్నియనియు, సమానత్వము బలహీనుల కల్పనయనియు ఆతడు బోధించెను. తాత్త్వికుడగు జెంతీలె ఈ మతమునకు శాస్త్రరూపము నిచ్చెను. కాని చరిత్రను జూడుడు. రాజును దిట్టినవాడు రాజుచేత మంత్రి యయ్యెను. దేవుడు లేడనినవాడు 1929 ఫిబ్రవరి 11 న పోపుతో సంధి చేసికొనెను. కార్మికుల నాయకుడు సమ్మెలను నిషేధించెను. లిబియా యుద్ధము నెదిరించి చెఱకు బోయినవాడు అదే లిబియాలో సుమారు లక్షమందిని ముండ్లతీగల శిబిరములలోనికి దోలించి, 1931 సెప్టెంబరు 16 న వృద్ధవీరుడగు ఉమర్ ముఖ్తారును ఉరిదీయించెను. అన్నియు మాఱినవి, అధికారముపై నాశ యొక్కటి మాఱలేదు.

"మేలేమియు జేయలేదా?" యని ప్రతివాది ప్రశ్నించును. చేసెను. రోమునకు దక్షిణమున పొంతీన్ చిత్తడినేలల నీరు తీయించి, రైతులను నిలిపి, నూతనపురములు గట్టించెను, మలేరియా తగ్గెను. ఇది నిజము. రైళ్లు వేళకు నడిచినవను మాట సగము ప్రచారమే; రైల్వేల బాగుసేత పూర్వప్రభుత్వముల కాలముననే మొదలయినది. అయినను రైళ్లన్నియు వేళకు నడిచినవనియే యొప్పుకొందము. నీరు తీయుటకు మత్తియోత్తిని జంపవలసిన యవసర మేమి? రైలు వేళకు వచ్చుటకు న్యాయమూర్తి కలమును విఱువవలెనా? స్వతంత్రులగు జాతులును చిత్తడినేలలను బాగుచేసికొనినవి. మేలును గీడును వేఱుచేసి లెక్కగట్టుటయే న్యాయము.

మన దేశపు పెద్దల ప్రవర్తనను గూడ స్మరింతము. 1925 లో ముస్సోలినీ విశ్వభారతికి గ్రంథములను బంపెను. 1926 లో రవీంద్రుని అతిథిగా గౌరవించెను. పత్రికలు కవి మాటలను ప్రభుత్వస్తుతిగా మార్చి ముద్రించినవి. ఇటలీ దాటిన పిమ్మట రోమా రోలానును, ప్రవాసులను గలసి నిజమెఱిగిన కవీంద్రుడు ఆండ్రూసుగారికి లేఖ వ్రాసి, ఫాసిజమును ఖండించి, దానిని పత్రికలో బ్రకటింపజేసెను. 1931 డిసెంబరులో గాంధీమహాత్ముడు రోములో ఆతని జూచెను. మహాత్ముడాడని మాటల నొక రోము పత్రిక ప్రచురింపగా ఆయన ఖండింపవలసివచ్చెను. 1936 మార్చిలో భార్యావియోగదుఃఖముతో రోము మీదుగా వచ్చుచున్న జవహర్లాలు నెహ్రూ, ముస్సోలినీ దర్శనమునకు రమ్మని యెంత బలవంతపెట్టినను పోలేదు.

ఏల పోవలెను? 1935 అక్టోబరు 3 న ఇటలీ సేనలు అబిసీనియాలో బ్రవేశించినవి. చెప్పులు లేని సైనికులపై, పల్లెలపై, విమానములనుండి విషవాయువు గురిసెను. 1936 జూన్ 30 న హైలె సెలాసీ చక్రవర్తి జెనీవాలో నానాజాతిసమితి యెదుట మొఱపెట్టుకొనెను. సమితి విధించిన ఆంక్షలలో చమురు లేదు. సూయజు కాలువ మూయబడలేదు. 1937 ఫిబ్రవరిలో అడిస్ అబాబా వీథులలో వేలమంది నిరాయుధులు చంపబడిరి. ఒక పరాధీనజాతి మఱియొక జాతి పరాధీనమగుచుండగా జూచి సంతసింపజాలదు. శత్రువునకు శత్రువు మిత్రుడను సామెత రాజనీతిలో బలుమాఱు మోసము చేయును.

తరువాతి కథ మీ రెఱిగినదే. 1938 లో యూదులను బడులనుండి, ఉద్యోగములనుండి వెడలగొట్టిరి. 1943 అక్టోబరు 16 న జర్మనులు రోములోని యూదులను బట్టి వేయిమందికి పైగా ఔష్విట్జునకు బంపిరి. మరలివచ్చినవారు 16 మంది. 1940 జూన్ 10 న ముస్సోలినీ యుద్ధము బ్రకటించెను. ఆతని యత్యాశవలన ఇటలీ రణరంగమయ్యెను; దానిలో మన భారతసైనికులు 5,000 మందికి పైగా బ్రాణములు గోల్పోయిరి. 1943 జూలై 25 న ఆతని మహాసభయే 19 ఓట్లతో త్రోసిపుచ్చెను, రాజు బంధించెను. ఇతరులను విచారణ లేక బంపిన పోంజా దీవిలోనే ఆతనిని గొన్నాళ్లు నిలిపిరి. జర్మనులు విడిపించి ఉత్తరమున గీలుబొమ్మగా గూర్చుండబెట్టిరి. 1945 ఏప్రిలు 27 న, జర్మను సైనికుని కోటు దొడుగుకొని పాఱిపోవుచు బట్టుబడెను. మఱునాడు కాల్చిచంపిరి. మిలానులో, ఎనిమిది నెలలకు బూర్వము పదునైదుగురు ఫాసిస్టు వ్యతిరేకులను జంపి పడవేసిన చౌకములోనే శవమును తలక్రిందుగా వ్రేలాడదీసిరి.

దీనిని నేను కొనియాడజాలను. వాఙ్మూలము, సాక్షి, తీర్పు లేని మరణము ఎవనికిని దగదు, వానికిని దగదు. బోనులో నిలువబెట్టి మత్తియోత్తి పేరుతో నారంభించి యడిగియుండినచో, ఇటలీ ప్రజ ఆతని చరిత్రను పూర్తిగా వినియుండెడిది. అట్లు జరుగలేదు గనుకనే ఆతని జన్మగ్రామమందలి సమాధియొద్ద నేటికిని కొందఱు చేయెత్తి వందనము సేయుచున్నారేమో యని నా యనుమానము. అయినను ఇటలీ ప్రజ వివేకముతోనే ముందడుగు వేసెను. 1946 జూన్ 2 న ఓటువేసి రాజరికమును దొలగించెను. 1948 జనవరి 1 న అమలునకు వచ్చిన రాజ్యాంగము ఫాసిస్టుపక్షపు పునర్నిర్మాణమును నిషేధించెను.

సోదరులారా! మొదటి ప్రశ్నకు వత్తము. సర్వాధికారమును పదియేండ్లకే యిత్తుమని మనమనుకొందుము. తిరిగి యడుగుట కేది యుపాయము? అడుగు శాసనసభ మూతబడియుండును. వ్రాయు పత్రిక నిలిచిపోయియుండును. వినవలసిన న్యాయమూర్తి ప్రమాణము చేసియుండును. కాలయాపనము చేయు న్యాయస్థానమును బాగుచేయవచ్చును. లేని న్యాయస్థానమున అర్జీ వేయజాలము. కావున మనకు గిట్టని సభ్యుడు లేచినపుడు ఆతని మాట పూర్తియగువఱకు వినుడు. ఆతని నోరు మూయవచ్చినవారు మనవారే యైనను అడ్డుపడుడు. మత్తియోత్తిని కారులోనికి లాగిన దినమున ఆయన పక్షమువారు గానివారు కొందఱు రాజు గుమ్మమున దృఢముగా నిలిచియుండినచో ఇటలీ చరిత్రము వేఱుగా నుండెడిదని నా నమ్మకము. ఈ విషయమున మీలో నెవరికైన భేదాభిప్రాయమున్నచో లేచి చెప్పుడు. విని బదులు చెప్పుటకే నేను వచ్చితిని.