వర్తకమునకు గ్రంథాలయము తోడు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగపాఠము)



గ్రంథాలయమనగానే భారత భాగవతములు, శతకములు, నవలలు మనస్సునకు వచ్చుట సహజము. పుణ్యమునకును వినోదమునకును పుస్తకము తోడ్పడునని యెల్లరు నెరుగుదురు. చేతిలోని రొక్కమును కాపాడుకొనుటకును పుస్తకమే తోడగునని యెరిగినవారు కొలదిమంది. ఒక కంపెనీ నమ్మదగినదా, ఒక పరిశ్రమ నిలుచునదా యని గ్రంథాలయమున విచారించు విధమే నేటి ప్రసంగవిషయము.

ఈ విచారణ క్రొత్తది కాదు. సభాపర్వమున నారదుడు ధర్మరాజును కుశలప్రశ్న లడుగుచు, గణకులును లేఖకులును ఆదాయవ్యయముల లెక్కను ప్రతిదినము పూర్వాహ్ణమున జరుపుచున్నారా యని కూడ నడిగెను. కౌటిల్యుడు లెక్కల కచ్చేరికి అక్షపటలమని పేరిడి, దానికొక యధ్యాయమునే కేటాయించెను. ఆ అర్థశాస్త్రమైనను చిరకాలము కంటికగపడక, మైసూరు ప్రాచ్య గ్రంథాలయమునకు చేరిన తాళపత్రప్రతి వలననే శామశాస్త్రిగారికి లభించి, 1909లో అచ్చయినది. ధనవిద్యను లోకమునకు మరల నిచ్చినది గ్రంథాలయమే.

ఇక విశాఖపట్టణములోని పూర్ణా మార్కెట్టును తలచుకొనుడు. అచ్చట కూరగాయల బస్తాలు దిగుచుండును. పప్పులు, బెల్లము, పూలు చేతులు మారుచుండును. ఆ వర్తకమునకు పెట్టుబడి సగము రొక్కము, సగము నమ్మకము. అందొక టోకు వర్తకుని ఊహింపుడు. కర్మాగారపు భోజనశాలకు సరకు వేయుమనియు, సొమ్ము మూడు మాసములకు ముట్టజెప్పుదుమనియు నొక కంపెనీ మనుష్యుడు వచ్చినాడు. కచ్చేరి భవనము పెద్దది, కారు మెరయుచున్నది. వర్తకుడు అరువిచ్చినాడు. ఆ కంపెనీ కూలినచో వర్తకుడొక్కడే కూలడు. అతనికి సరకు పంపిన మాడుగుల రైతు, అనకాపల్లిలో బెల్లము వండినవాడు, వారికి చేబదులిచ్చిన ఇరుగుపొరుగువారు వరుసగా చిక్కుపడుదురు. కావున విచారణ అరువునకు ముందే జరుగవలెను.

అందు మొదటిది పరిశ్రమను గూర్చిన విచారణ. 1907లో ఫ్రాన్సిసు దొర వెలువరించిన విశాఖపట్టణ జిల్లా గెజిటీరును, తరువాతి జనాభా లెక్కల జిల్లా సంపుటములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, ఏ వృత్తులు నిలిచినవో, ఏవి క్షీణించినవో బోధపడును. 1933లో ఓడరేవు తెరవబడిన పిమ్మట పెద్ద పరిశ్రమలు వచ్చినవి; వాని పేర్లును యజమానులును మారుచు వచ్చిరి. సింధియా కంపెనీ 1941లో శంకుస్థాపన జరిపించిన నౌకానిర్మాణశాల 1952లో హిందూస్థాన్ షిప్‌యార్డు ఆయెను. 1957లో పని మొదలిడిన కాల్టెక్సు చమురుశుద్ధి కర్మాగారము ప్రభుత్వపరమై, 1978లో హిందూస్థాన్ పెట్రోలియములో కలిసెను. జనులు మాత్రము ఓడల కర్మాగారపు ప్రాంతమును నేటికిని సింధియా యనియే పిలుతురు. పేరును నమ్మి అప్పిచ్చువాడు, ఆ పేరు వెనుక నేడెవరున్నారో చూచుకొనవలెను.

రెండవది కంపెనీని గూర్చిన విచారణ. దీనికి వార్షిక నివేదిక ఆధారము. డైరెక్టర్ల మాట పెండ్లి మాటలాడ వచ్చినవారి మాట వంటిది. ఆడిటరు మాట సాక్షి మాట వంటిది. కావున ఆడిటరు నివేదికనే ముందు చదువవలెను. లాభము కాగితముపై నున్నదా, రొక్కమై చేతికి వచ్చినదా? సరకిచ్చినవారి బాకీలు ఏటేట పెరుగుచున్నవా? న్యాయస్థానములలో తేలవలసిన భారము లెన్ని? ఒక యేటి నివేదిక చాలదు. అయిదేండ్ల నివేదికలను సరిపోల్చవలెను.

చిన్న కంపెనీల నివేదికలు పుస్తకరూపమున దొరకవు. అట్టివి కంపెనీల రిజిస్ట్రారు వద్ద దాఖలు చేసిన పత్రములను స్వల్ప రుసుముతో నెవరైనను చూడవచ్చును. నేడు గ్రంథాలయపు కంప్యూటరుపైననే యది సాధ్యము. కంపెనీ యాస్తులపై బ్యాంకులకు గల తనఖాలును అచ్చట నమోదై యుండును. పొలము కొనునప్పుడు ఈసీ తీయించు రైతు, లక్షలు అరువిచ్చునప్పుడు ఈ పట్టికను చూడకుండుట వింతగాదా? ఆస్తి వేలమునకు వచ్చిననాడు తనఖా గల బ్యాంకు ముందు, అరువిచ్చిన వర్తకుడు వెనుక.

గొప్ప సంస్థల యెడలను ఈ విధి తప్పదు. 1966 నాటి యుద్యమమున 32 మంది ప్రాణత్యాగము చేయగా సాధింపబడిన విశాఖ ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమయ్యెను. దానికి సొంత ఇనుపరాతి గనులు లేమియు, అప్పులపై వడ్డీ భారమును ఎంతటివో లెక్కలు చూచినవారికి తెలియును. 2021 జనవరిలో పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయముగ సమ్మతించిన కేంద్రమే, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సాయమును ప్రకటించెను. ఈ రెంటి నడుమ సంస్థ స్థితి యెట్లుండెనో నినాదముల వలన తెలియదు. నివేదికల వలన తెలియును. అభిమానము వేరు, అరువు వేరు.

మూడవది వార్తాపత్రిక. 2016 నాటి దివాలా స్మృతి ననుసరించి ఒక కంపెనీపై విచారణ ప్రారంభమైనచో, బాకీ రావలసినవారు తమ హక్కును తెలుపుకొనుడని ఒక ఇంగ్లీషు పత్రికలోను, ఒక ప్రాంతీయభాషా పత్రికలోను ప్రకటింపవలెను. తాత్కాలిక పరిష్కార నిపుణుడు నియమితుడైన నాటినుండి 14 దినములు గడువు. సరకిచ్చిన వర్తకుడును ఆ గడువులో దరఖాస్తు పెట్టుకొనవచ్చును. పత్రిక చదువనివానికి ఆ సంగతియే తెలియదు. పాతకాగితముల కట్టలు పొట్లములకై అంగడికి చేరును. తన సొమ్మును గూర్చిన ప్రకటనలోనే పప్పు కట్టి యిచ్చు వర్తకుని దురదృష్ట మేమందుము!

గ్రామ గ్రంథాలయమున గెజిటీర్లు, నివేదికలు అన్నియు నుండజాలవు. అయినను మూడు పనులు చేయవచ్చును. పత్రికలను ఏడాదిపాటైనను అమ్మక భద్రపరుపవచ్చును. కంపెనీల ప్రకటనలను కత్తిరించి, పేర్ల వరుసను ఒక పుస్తకమున అతికింపవచ్చును. చదువరుల ప్రశ్నలను వ్రాసికొని, జిల్లా కేంద్ర గ్రంథాలయమున గాని, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయమున గాని విచారించి సమాధానము తెప్పింపవచ్చును. చదువుకొన్న యువకు లిద్దరు పూనుకొన్న చాలును.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిన పెద్దలు పల్లెపల్లెకు పుస్తకము చేరవలెనని కోరిరి. పుస్తకము చేరినది. ఇకమీదట సంతకము పెట్టబోవు రైతు, అరువియ్యబోవు వర్తకుడు ముందుగా ఈ గుమ్మము త్రొక్కినచో, ఈ యిరువదియైదేండ్ల శ్రమ సార్థకమగును.

స్వస్తి.