గోల్ ముందు నుంచి అధ్యక్ష పీఠానికి

ఫిన్లాండ్ అనగానే ఐస్ హాకీయే గుర్తొస్తుంది. ఏడాదిలో చాలా నెలలు మంచు కప్పి ఉండే ఆ దేశంలో ఫుట్‌బాల్ ఆడటమే ఒక మొండితనం; అందులోనూ గోల్‌కీపర్‌గా నిలబడటం మరీను!

అలా నిలబడినవాడు పెర్టి అలయా. 1952లో పుట్టాడు. 1970లలో జాతీయ జట్టుకు గోల్ కాపలా కాశాడు. ఫిన్లాండ్‌ది చేతిదాకా వచ్చి నోటికందని ఆట. 1980 యూరో కప్ అర్హత పోటీల్నే చూడండి. గ్రీస్‌ను సొంతగడ్డపై 3-0తో ఓడించారు, ఏథెన్స్ వెళ్లి 8-1తో చిత్తయ్యారు. చివరికి గ్రీస్‌కు ఏడు పాయింట్లు, వీళ్లకు ఆరు!

ఆట మానినా అలయా ఫుట్‌బాల్‌ను వదల్లేదు. 1907లో పుట్టిన ఫిన్లాండ్ ఫుట్‌బాల్ సంఘానికి 2012లో అధ్యక్షుడయ్యాడు. ఆయనకు ముందు ఆ కుర్చీలో ఉన్నది ఎవరనుకున్నారు? సౌలి నీనిస్తో. ఆయన అదే ఏడాది ఏకంగా దేశాధ్యక్షుడయ్యాడు.

సంఘాధ్యక్షుడి పని చప్పట్లు రాల్చేది కాదు. గెలిస్తే పేరు ఆటగాళ్లది, ఓడితే తిట్లు సంఘానికి. గోల్‌కీపర్‌కు ఇది కొత్తేమీ కాదులెండి. 2016 చివర్లో మార్కు కనెర్వాను జాతీయ జట్టు కోచ్‌గా నియమించింది అలయా హయాంలోనే. ఆ ఫలం చూడకుండానే, పదవిలో ఉండగానే, 2017 అక్టోబరులో ఆయన కన్నుమూశాడు. 2019 నవంబరులో కనెర్వా జట్టు లీష్టెన్‌స్టైన్‌ను 3-0తో ఓడించింది. ఫిన్లాండ్ పురుషుల జట్టు తొలిసారి యూరో కప్‌కు చేరింది.